నమ్మకం ఇంట్లోది, మతం ఊళ్లోది: గీత ఎక్కడ పడుతుందండి?

చినలంక అడిగారు:

అందరికీ నమస్కారమండి. "దేవుడంటే నమ్మకం వేరు, మతం వేరు" అని అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్లూ అనేస్తారు. ఎక్కడ వేరండీ అని అడిగితే మాత్రం మాట దాటేస్తారు. మా గ్రంథాలయంలో దీని మీద చర్చ పెడుతున్నాం. వేదాంతం చెప్పేవాళ్లు చాలామందే దొరికారు. మాకు కావాల్సింది మన గోదావరి లంకల్లో, కాలవ గట్ల మీద కళ్లకి కనిపించే సంగతులు. వేపచెట్టు కింద అమ్మవారు ఏ రోజు నుంచి దేవాదాయ శాఖ గుడి అవుతుంది? ఇంట్లో పెట్టుకున్న ప్రార్థన కూడిక ఎప్పుడు సంఘం అవుతుంది? దేవుణ్ణి నమ్ముతాను గానీ ఏ మతం పుస్తకంలోనూ నా పేరుండొద్దు అనుకునేవాళ్లకి పెళ్లి దగ్గర, చావు దగ్గర, సర్టిఫికెట్ దగ్గర ఏమవుతుంది? సెక్షన్లతో సహా తెలిసినవాళ్లు చెప్పండి. ఏ మతాన్నీ తిట్టే జవాబులు మాత్రం వద్దు, వాటికి వేరే చోట్లు బోలెడున్నాయి.

గట్టుమీదరాయి రాశారు:

గుడి సంగతి నేను చెబుతాను, మిగతావి తెలిసినవాళ్లు అందుకోండి.

నమ్మకాన్నీ మతాన్నీ రాజ్యాంగమే విడదీసి పెట్టింది. 25వ అధికరణం మనిషికి: అంతరాత్మ స్వేచ్ఛ, నచ్చిన మతాన్ని ఆచరించే హక్కు. 26వది మతశాఖలకి: సంస్థలు పెట్టుకోవడం, మత వ్యవహారాలు తామే చూసుకోవడం, ఆస్తి కలిగి ఉండడం. ఆస్తి నిర్వహణ దగ్గరకొచ్చేసరికి మాత్రం "చట్టం ప్రకారం" అని మెలిక ఉంది. 1954లో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది. ఏ పూజ ఎలా చెయ్యాలన్నది మతశాఖ ఇష్టం, ఆస్తి ఎలా నడపాలన్నది చట్టం కట్టడి చెయ్యొచ్చు.

ఇక చెట్టు కిందికి వద్దాం. అమ్మవారి రాయి దాదాపు ప్రతి ఊళ్లో ఒకే దారిన నడుస్తుంది. మొదట రాయి, పసుపు, వేపకొమ్మ. ఎవరిదో మొక్కు తీరితే సిమెంటు గచ్చు. వానకి రేకుల పందిరి. హుండీ పెట్టాక దొంగల భయం, దానికి ఇనప గ్రిల్లు, గ్రిల్లుకి తాళం. నన్నడిగితే గీత పడేది ఆ తాళం దగ్గర. అంతకుముందు శుక్రవారం పొద్దున్నే వచ్చిన ఆడమనిషి తన చేత్తోనే రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చెంబుడు నీళ్లు పోసి వెళ్లేది. గ్రిల్లు పడ్డాక పసుపు పొట్లం బయటినుంచి అందించాలి, లోపలున్నాయన రాస్తాడు. ఆయన రాకపోతే పొట్లం గ్రిల్లుకి తగిలించి పోవాలి. ఆవిడ నమ్మకంలో పిసరంత తేడా లేదు. మధ్యలోకి ఒక మనిషి, ఒక వేళ, ఆనక ఒక టిక్కెట్టు వచ్చాయి. జాతరలో అమ్మవారి ముందు ఆడి పాడే ఆసాదులు కూడా ఈ దశలోనే పక్కకి జరుగుతారు. వాళ్లని తీసేద్దామని ఎవరూ తీర్మానం చెయ్యరు. గోపురం లేచాక "పద్ధతిగా ఉండాలి కదండీ" అంటారు, అంతే.

చట్టం మాత్రం తాళం చూడదు. జనం అక్కడికి హక్కుగా వస్తున్నారా, ఇంటివాళ్ల అనుమతితో వస్తున్నారా అన్నది చూస్తుంది. 1956లో దేవకీనందన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన కొలతలే ఈనాటికీ ఆధారం. గుడి ఇంటి ఆవరణలో ఉందా, విడిగా కట్టారా? విగ్రహాన్ని శాస్త్రోక్తంగా ప్రతిష్ఠించి లోకానికి వదిలారా? అర్చకుణ్ణి పెట్టారా? దానివల్ల మేలు పొందేది పేర్లు చెప్పగలిగిన కుటుంబమా, ఊరంతానా? పదిమంది వచ్చి దణ్ణం పెట్టుకున్నంత మాత్రాన ఇంటి గుడి ఊరి గుడి అయిపోదు, ఎందుకంటే మనవాళ్లెవరూ దణ్ణానికొచ్చినవాణ్ణి గుమ్మంలోంచి పొమ్మనరు.

ఊరి గుడి అని తేలితే 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం కిందికి వస్తుంది. 43వ సెక్షన్ కింద నమోదు చెయ్యాలి: గుడి పుట్టుక, భూములు, నగలు, ఆదాయం, ఖర్చు, అక్కడి ఆచారాలు, అన్నీ రాసివ్వాలి. ఆచారాల గడి దగ్గర మన కమిటీలు బద్ధకిస్తాయి, "యథాప్రకారం" అని ఒక్క ముక్క రాసి పడేస్తాయి. తరవాత జాతర రోజు మొదటి కుండ ఎవరిది, గరగ (అమ్మవారి పేరున అలంకరించిన కుండ) ఎవరు ఎత్తాలి అని గొడవొస్తే చూపించడానికి కాయితం ఉండదు. ఆ గడి వివరంగా నింపండి. ఆదాయాన్ని బట్టి 6వ సెక్షన్ గుళ్లని మూడు మెట్లు చేసింది: ఏడాది ఆదాయం 25 లక్షలు దాటితే 6(ఎ), 2 లక్షల నుంచి 25 లక్షల దాకా 6(బి), ఆ లోపు 6(సి). మన డెల్టా రామాలయాలు, అమ్మవారి గుళ్లు చాలావరకు చివరి మెట్టులోనే ఉంటాయి.

ఈ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని 16వ సెక్షన్‌తో, అర్చకుల మిరాశీ (వంశపారంపర్య) హక్కులని 34వ సెక్షన్‌తో రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. అర్చకత్వం మతానికి సంబంధించినదైనా, అర్చకుడి నియామకం లౌకిక వ్యవహారం అన్నది అక్కడ వాదం. 2007లో 33వ చట్టం తెచ్చి అర్చక కుటుంబాలకి కొంత వెసులుబాటిచ్చారు. మీ చర్చకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. హారతి పట్టే చెయ్యి నమ్మకం, ఆ చేతికి ఇచ్చే ఉత్తర్వు వ్యవస్థ.

చెడేది ఎక్కడో కూడా చెబుతాను. మొదటిది, స్థలం. డెల్టాలో సెంటు భూమి ఎవడూ ఊరికే వదలడు, అందుకని గుళ్లూ చర్చిలూ విగ్రహాలూ కాలవ గట్టెక్కుతాయి. గట్టు ఇరిగేషన్ వాళ్లది. వీధులు, పార్కులు, ఇతర బహిరంగ స్థలాల్లో ఏ మతం కట్టడమూ కొత్తగా లేవకూడదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. రెండోది, దాత ఇచ్చిన పొలం కమిటీ ప్రెసిడెంటు పేరున రాయించడం. దేవుడి పేరున సమర్పణ నోటిమాటతోనూ చెల్లుతుంది గానీ, ముప్ఫై ఏళ్ల తరవాత ప్రెసిడెంటు మనవలతో కోర్టులో నిరూపించే ఓపిక ఎవరికుంది? దేవుడి పేరునే రిజిస్టరు చేయించండి. చట్టం దృష్టిలో దేవుడు ఆస్తి కలిగి ఉండగల వ్యక్తే. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలోకి ఎక్కిందో లేదో కూడా చూసుకోండి. ఎక్కితే ఇక అమ్మకం దస్తావేజు సబ్ రిజిస్ట్రారు దగ్గర కదలదు. వక్ఫ్ భూములకీ అదే జాబితా. పక్కనున్న ప్రైవేటు నంబరు పొరపాటున అందులో ఇరుక్కుని ఆ రైతు తిరగడం కూడా మామూలే.

ఆదివారంబెంచీ రాశారు:

చర్చి వైపు సంగతి. నరసాపురం, పాలకొల్లు ప్రాంతానికి 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలొచ్చారు, గోదావరి డెల్టా మిషన్ అక్కణ్ణుంచి పెరిగింది. వాళ్ల పద్ధతిలో జీతం తీసుకునే పాదిరి లేడు, పెద్దలే సంఘాన్ని నడుపుతారు. లూథరన్లది వేరే దారి: 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డారు, సంఘానికంటూ రాజ్యాంగం, సినడ్లనే ప్రాంతీయ విభాగాలు, పారిష్‌లనే స్థానిక విభాగాలు అన్నీ ఉంటాయి. 1938లో రాజమండ్రిలో ఎం. దేవదాసు గారు లూథరన్ సంఘం నుంచి బయటికొచ్చి బైబిలు మిషను పెట్టారు. వ్యవస్థ వద్దని బయటికొచ్చినవాళ్లకి కూడా ఒక తరం తిరిగేసరికి పాటల పుస్తకం, సభలు, ఆస్తులు, అధ్యక్షుడు, అన్నీ ఏర్పడతాయి. ఇది ఎవరి తప్పూ కాదు, పదిమంది పది వారాలు కలిస్తే పదకొండో వారం చాప ఎవరు తేవాలో రాసుకోవాల్సొస్తుంది.

ఇంటి ప్రార్థనకి ఎవరి అనుమతీ, ఏ నమోదూ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించాల్సింది కానుకల సంచి తిరగడం మొదలయ్యాక. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. మెమొరాండం, బైలాలు రాసి జిల్లా రిజిస్ట్రారుకిస్తారు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కార్యవర్గం జాబితా దాఖలు చెయ్యాలి. చాలా స్వతంత్ర సంఘాలు ఆ ఏడుగురినీ ఒకే ఇంట్లోంచి తెస్తాయి: పాస్టరు గారు, అమ్మగారు, కొడుకు, కోడలు, బావమరిది. నమోదైతే అవుతుంది గానీ, అది పేరుకి సొసైటీ, నిజానికి ఇల్లు. పాస్టరు గారు పోయాక ఇద్దరు కొడుకులూ మందిరాన్ని పంచుకోబోతే విశ్వాసులకి అడ్డుచెప్పే కాయితం ఉండదు. బైలాల్లో రెండు మాటలు తప్పకుండా పెట్టించండి: రక్తసంబంధీకులు కార్యవర్గంలో ఇంతమందికి మించరాదని, సంఘం మూతబడితే ఆస్తి అదే ఉద్దేశం గల మరో సంఘానికి పోవాలని. పన్ను మినహాయింపు సంగతి కూడా ఒకటుంది. దాతలకి పన్ను తగ్గే 80జి రసీదు ఇచ్చే సంస్థ మతపరమైన పనులకి ఆదాయంలో 5 శాతానికి మించి ఖర్చు పెట్టకూడదు. అంచేత ప్రార్థనకి ఒక సంస్థ, అనాథాశ్రమానికో వైద్యానికో మరొకటి పెట్టుకుంటే చిక్కులుండవు.

పెళ్లి సంగతి: క్రైస్తవ వివాహాల చట్టం 1872 నాటిది. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన పాదిరో, ఆయా ప్రధాన సంఘాల నియమిత గురువో, మ్యారేజ్ రిజిస్ట్రారో చెయ్యాలి. లైసెన్సు లేనాయన ప్రార్థన చేసి ఉంగరాలు మార్పించాడనుకోండి, ఆ జంట దేవుడి ముందు దంపతులే, పాస్‌పోర్టు ఆఫీసు ముందు కారు. లైసెన్సు నంబరు అడగడం అవమానం కాదండి, శుభలేఖ అచ్చుకివ్వక ముందే అడిగెయ్యండి.

అన్నిటికంటే గట్టిగా తెలిసొచ్చేది సమాధి దగ్గర. మన దగ్గర నాలుగడుగులు తవ్వితే నీరు, వానాకాలంలో అయితే రెండడుగులకే. అంచేత మెరక మీదున్న సమాధుల తోటకి గిరాకీ. ఆ తోటలు చాలావరకు పాత సంఘాల పేరునుంటాయి, సభ్యత్వం, చందా కార్డు చూస్తారు. ఇరవయ్యేళ్లు స్వతంత్ర మందిరానికి వెళ్లినవాళ్లు ఆ రోజు పాత సంఘం పెద్దల గుమ్మం తొక్కాల్సొస్తుంది. బకాయి చందాలన్నీ ఒక్కసారి కట్టించుకుని స్థలం ఇవ్వడం మామూలే. పంచాయతీ ద్వారా ఉమ్మడి శ్మశానానికి స్థలం అడగడమే దీనికి మందు, అది చావుకి ముందే జరగాల్సిన పని.

సర్టిఫికెట్ గురించి కూడా అడిగారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు 3వ పేరా ప్రకారం హిందూ మతంతో పాటు సిక్కు (1956లో చేర్చారు), బౌద్ధం (1990లో చేర్చారు) ఆచరించేవాళ్లే ఎస్సీలు. ఎస్టీలకి ఈ షరతు లేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి (వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు). 2024 నవంబరులో, ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు బాప్తిస్మం రికార్డు, చర్చికి క్రమంగా వెళ్లడం రెండూ చూసి ఎస్సీ హోదా నిరాకరించింది. అంటే మనసులో ఏముందో చూడలేక, చర్చి రిజిస్టరు తెరిచారు. దళితవాడలో కులం గుడి మారినా మారదు, హక్కు మాత్రం మారిపోతుంది. నా మట్టుకు ఇది న్యాయంగా కనిపించదు, కానీ ఈనాటికి ఉన్న చట్టం ఇది.

పాతకాకినాడ రాశారు:

ఏ మతమూ వద్దనుకునేవాళ్ల గురించి. మొట్టమొదట తెలియాల్సింది ఏంటంటే, "నాకు మతం లేదు" అన్నంత మాత్రాన చట్టం మిమ్మల్ని వదలదు. హిందూ వివాహ చట్టం 2వ సెక్షన్ చూడండి. ఎస్టీలని మినహాయిస్తే, ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కాని దాదాపు అందరికీ అది వర్తిస్తుంది. నాస్తికుడు కూడా అందులోకే వస్తాడు.

ఈ చిక్కు మన గోదావరి జిల్లాలకి కొత్త కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఎదురొచ్చింది ఎవరి భక్తీ కాదు, వెలి. పురోహితుడు రాకపోవడం, వంటవాడు రాకపోవడం, బంధువులు గుమ్మం తొక్కకపోవడం. వ్యవస్థ చేతిలో ఉన్న అసలు ఆయుధం అదే. కాకినాడ పైడా రామకృష్ణయ్య గారి సొమ్ము వెనకుండబట్టి ఆ పని నిలబడింది. తరవాత పిఠాపురం రాజా కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు బ్రహ్మసమాజాన్ని నిలబెట్టారు. ఆ బ్రహ్మసమాజం వాళ్ల కోసమే 1872లో ఒక పెళ్లి చట్టం వచ్చింది. దాని ప్రకారం పెళ్లి చేసుకోవాలంటే నేను హిందువునీ, ముస్లింనీ, క్రైస్తవుణ్ణీ... ఏదీ కానని రాసివ్వాలి! నిరాకార దేవుణ్ణి నమ్మినవాళ్లకి కూడా ప్రభుత్వం గడి ఒకటి గీసి ఇచ్చింది.

ఇప్పుడున్న 1954 ప్రత్యేక వివాహ చట్టంలో ఆ బాధ లేదు. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటుండాలి. నోటీసిస్తే ఆఫీసులో అంటిస్తారు, 30 రోజులు ఆగాలి, తరవాత ముగ్గురు సాక్షులతో సంతకాలు. నోటీసిచ్చిన మూడు నెలల్లోపు అయిపోవాలి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక చాలామంది దెబ్బ తినేది ఇక్కడే: ఆధార్‌లో తూర్పుగోదావరి అని ఉంటుంది, ఊరేమో కోనసీమలో. ముందు చిరునామా సరిచేసుకోండి.

ఇంకో పొరపాటు: పంతులు వద్దు, తంతు వద్దు, నేరుగా హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేసేస్తే చాలనుకోవడం. చాలదు. ఆ చట్టం 7వ సెక్షన్ తంతు జరగాలంటుంది. తంతు లేకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ పెళ్లి కాదని 2024లో డాలీ రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తంతు వద్దంటే 1954 చట్టమే గతి. ఇద్దరూ హిందువులైతే వారసత్వం మారదు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవులైతే వాళ్ల ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. పెళ్లినాడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

చావు తేలిక. 21 రోజుల్లోపు నమోదు, అందులో పురోహితుడి సంతకం ఎక్కడా లేదు. శరీరం కాకినాడ రంగరాయ లాంటి వైద్య కళాశాలకి ఇవ్వాలనుకుంటే మీరు రాసిన అంగీకారపత్రం ఒక్కటే సరిపోదు, ఆ రోజున వారసులు ఒప్పుకుని ఫోను చెయ్యాలి. ముందే ఇంట్లో చెప్పి ఉంచండి.

ప్రభలకుర్రోడు రాశారు:

పెద్దలందరూ రెండే గదులు కడుతున్నారు, ఒకటి మనసు, రెండోది ఆఫీసు. మా వైపు మూడోది ఉందండీ ఆయ్. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోటకి రండి. పదకొండు ఊళ్ల రుద్రులు (ఆయా ఊళ్ల శివుళ్లు) ప్రభల మీద వస్తారు: వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, పెదపూడి, రెండు గంగలకుర్రులూ. అక్కడ గుడి లేదు. కొబ్బరితోట, అంతే. వెదురు బద్దలతో కట్టి రంగు గుడ్డలు చుట్టిన ప్రభని భుజాల మీదేసుకుని వరిచేలకి అడ్డంపడి వస్తారు, గంగలకుర్రు ప్రభలైతే కౌశిక దాటాలి. చేలో పైరు నలిగితే రైతు నష్టపరిహారం అడగడు, తొక్కితే మంచిదంటాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి మన రాష్ట్రం శకటం ఇదే.

ఇది వ్యక్తిగత నమ్మకమా? ఒక్కడు ప్రభ మోయలేడు. పోనీ వ్యవస్థా? పీఠాధిపతి లేడు, సభ్యత్వం లేదు, రాకపోతే వెలి లేదు. ఎవరు వెదురు కోస్తారు, ఎవరు ముందు పట్టు పడతారు, ఏ దారిన వెళ్లాలి అన్నది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. దీన్ని ఊరి ఆచారం అంటాం. మీ చర్చలో దీనికో కుర్చీ వెయ్యండి.

గట్టుమీదరాయి రాశారు:

కుర్చీ వేస్తాం లెండి. కానీ వెదురు ఎవరు కొయ్యాలో, ముందు పట్టు ఎవరిదో తండ్రి నుంచి కొడుక్కి వస్తుందన్నారు చూశారా, ఆ పట్టు ఏ పేటకి ఎప్పుడూ రాలేదో కూడా ఒకసారి చూడండి. రిజిస్టరు లేనంత మాత్రాన జాబితా లేనట్టు కాదు. పైగా రాసిపెట్టిన నియమాన్ని కోర్టులో ప్రశ్నించొచ్చు, రాయనిదాన్ని ఎక్కడ పట్టుకుంటారు?

చినలంక రాశారు:

అందరికీ చాలా థాంక్సండి. చివరిగా ఒకటి. ఊళ్లో ఎకరానికింత, చెరువుకింత అని కమిటీ చందా వేస్తుంది. ఇవ్వనంటే కుదరదా? రామాలయం సొమ్ము వడ్డీకి తిప్పడం కూడా చాలా ఊళ్లలో ఉంది. అది ఏ గీతకి ఇవతల?

గట్టుమీదరాయి రాశారు:

చందా ఇష్టపూర్వకం. కమిటీకి పన్ను వేసే అధికారం లేదు. ఇవ్వనివాడి చేలోకి బోదె (చిన్న పంట కాలవ) నీళ్లు ఆపెయ్యడం, ఊరి చాకిరీ ఆపించడం నేరం కిందికి వెళ్తుంది. పంచాయతీ మైకులో బకాయిదారుల పేర్లు చదవడం కూడా మానిపించండి.

వడ్డీ సొమ్ము దగ్గర చెడేది నోటు. నెలకి నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, వసూలైతే గుడికి మంచి ఆదాయమే. కానీ ప్రామిసరీ నోటు "శ్రీ రామాలయం కమిటీ" పేరున రాయిస్తారు. రిజిస్టరు కాని కమిటీ తన పేరున దావా వెయ్యలేదు. పోనీ ప్రెసిడెంటు పేరున రాస్తే అది ఆయన సొంత అప్పైపోతుంది, ఆయన పోతే వారసులది. పైగా నోటుకి మూడేళ్లే గడువు. గడువు దాటకముందే ఎంతో కొంత జమ చేయించి, నోటు వెనకే బాకీదారు చేత్తో రాయించి సంతకం పెట్టించుకుంటే మళ్లీ మూడేళ్లు వస్తాయి. శ్రీరామనవమికి లెక్క చదివేటప్పుడు మొత్తం బాకీ ఎంతో చదువుతారు గానీ ఏ నోటు ఏ తేదీదో చదవరు. తేదీల వరస కూడా చదివించండి, ముందుగా గడువు తీరేవి ఏవో అక్కడే తెలిసిపోతాయి. కొత్తగా అప్పులివ్వడం ఆపి, వసూలైంది వసూలైనట్టు ఇద్దరి సంతకాల మీద నడిచే బ్యాంకు ఖాతాలో వెయ్యండి. ఆ ఇద్దరూ ఒకే పేటవాళ్లు కాకుండా చూసుకోండి.